మూడు వందలు అనే మర్యాద

శ్రీరస్తు. త్రాసు పళ్ళెములు రెంటిని ఒక్క కాడిపై ఆడించుచు, ఇచ్చువారి ముఖమును పుచ్చుకొనువారి ముఖమును సమముగా వెలిగించు చల్లని తల్లికి మ్రొక్కి, శ్రీ భావనామ సంవత్సర శ్రావణ శుద్ధ దశమి నాడు చంద్రపూరు జిల్లా రాజురా పట్టణమందు మొదలైన యొక బేరము కథను చెప్పుచున్నాను. మ్రొక్కు వరకు నా గురువుల భాష. ఇక మీదటిది వాడుక భాషలోనే వ్రాస్తాను. గ్రాంథికంలో బేరమాడడం ఎవరి తరమూ కాదు.

అప్పటికి మా బోళ్ళ దుకాణం బజారు వీధిలో ఒక ఇరుకు గదిలో ఉండేది. బిందెలు, తాంబాళాలు, స్టీలు డబ్బాలు లోపల. లోపల పట్టనివి చూరుకు వేలాడుతూ వీధిలో. గాలి వీచిన రోజున మా దుకాణం దానంతట అదే గుడిలాగ మోగేది. మా తాతగారు గోదావరి ఆవలి గట్టు నుండి వచ్చి ఆ గదిని కిరాయికి పుచ్చుకున్నారు. మా తండ్రిగారు దానిలోనే తల పండించుకున్నారు. నేను కావ్యాలూ వ్యాకరణమూ చదువుకొని వచ్చి, ఊళ్ళో తెలుగు చదివేవారు తక్కువై, చెప్పించుకునేవారు అసలే లేక, అదే గదిలో త్రాసు పట్టుకున్నాను.

ఆ రోజులలో దేశమంతటా కొత్త గాలి వీస్తున్నది. సాస్తి బొగ్గు గనిలోనూ ఉప్పర్వాహి సిమెంటు కర్మాగారంలోనూ జీతాలందుకునే వారి ఇళ్ళలోకి రంగుల టీవీలు వచ్చాయి. వీధి మలుపుకొకటి చొప్పున పసుపుపచ్చ బోర్డుతో టెలిఫోను బూత్ వెలిసింది. అందరూ పెడుతుండగా తానెందుకు పెట్టకూడదని మా గది యజమాని కొడుక్కి తోచింది. దీపావళికి గది ఖాళీ చేయమని తండ్రి చేత కబురు పంపాడు. మూడు తరాల చూరు, మూడు మాటలలో పోయింది.

మాకు దీపావళి తరువాతి రోజులే ప్రాణం. తులసి పెళ్ళి కాగానే ఊరూరా పెండ్లిళ్ళు మొదలవుతాయి. పెండ్లి బిందెల అమ్మకం మీదనే మా ఏడాది గడవాలి. బజారు వీధిలో ఖాళీగా ఉన్న గది ఒక్కటే ఒక్కటి. అది దొరకకుంటే బస్టాండు అవతలికి పోవాలి. పంక్చర్లు వేసే కొట్ల నడుమకు వెతుక్కుంటూ వచ్చి కూతురి పెండ్లికి బిందెలు కొనేవారెవరు?

ఆ ఒక్క గదీ ఆజీది. మరాఠీలో ఆజీ అంటే నాయనమ్మ. వీధి వీధంతా ఆమెను అలాగే పిలిచేది. భర్త బడిపంతులుగా పనిచేసి గతించాడు. ఇంటి ముందరి గదిలో ఆయన పిల్లలకు సాయంత్రాలు పాఠాలు చెప్పేవాడు. ఆయన పోయిన నాటి నుండి ఆ గది తాళం వేసి ఉండేది. గది ముందరి అరుగు మీద ఒక దర్జీ కుట్టుమిషను పెట్టుకొని కూర్చునేవాడు. కోర్పనా వైపు తెలుగు రైతు కుటుంబంలో పుట్టినవాడు. మాతో తెలుగూ, ఆజీతో మరాఠీ, తన మిషనుతో రెండూ మాట్లాడేవాడు.

ఇక నా భార్య సంగతి. ఆమె పుట్టిల్లు మంథని వైపు. ఆ వైపు బేరమంటే ఏమిటో ఆమెను చూసి తెలుసుకున్నాను. చెప్పిన ధర ఇచ్చి వస్తువు పట్టుకొని వెళ్ళిపోవడం అక్కడ మొరటుతనం. చుట్టం గుమ్మంలోనే నిలబడి పలకరించి, చెప్పులైనా విప్పకుండా వెళ్ళిపోయినంత మొరటుతనం. కూర్చోవాలి. సగం ధర అడగాలి. అమ్మేవాడు నొచ్చుకోవాలి. వాని పిల్లల చదువులు కనుక్కోవాలి. లేచి నాలుగడుగులు పోవాలి. వాడు వెనక్కి పిలవాలి. చివరికి బేరం కుదిరాక కొసరు అడగాలి. గంగాళం కొంటే గరిటె కొసరు; గరిటె కొంటే కనీసం మంచినీళ్ళు. పెళ్ళైన కొత్తలో ఆమె గాజులు వేయించుకోవడానికి వెళ్ళి, గాజులమ్మే ఆమెను మధ్యాహ్నం భోజనానికి ఇంటికి తీసుకొని వచ్చింది. బేరం అప్పటికి ఇంకా కుదరలేదు.

మా గల్లా ముందు కూర్చుంటే ఎన్ని రకాల బేరాలో కనబడేవి. సరిహద్దు పల్లెల తెలుగు రైతులు బిందెను వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విని, "దీనికి పడిశం బట్టింది సేటూ, ధర తగ్గియ్యి" అనేవారు. మరాఠీ ఇల్లాళ్ళు గుమ్మంలోనే "శేవటచా భావ్ సాంగా", అంటే ఆఖరి ధర చెప్పండి, అని అడిగేవారు. చెప్పిన ధర నచ్చితే కొనేవారు, నచ్చకుంటే వెళ్ళేవారు, ఎంత పిలిచినా వెనుదిరిగేవారు కారు. జివతి కొండల రైతులు నలుగురైదుగురు కలిసి వచ్చి, ఒక్కరు ధర అడిగి, అందరూ ఎదుటి నీడలోకి పోయి కూర్చుని, తమలో తాము తేల్చుకొని వచ్చేవారు. వారు తేల్చినది ఇక బ్రహ్మ వచ్చినా మారదు. కర్మాగారపు కాలనీవారైతే బిందె అడుగున ధర అంటించిన చీటీ కోసం వెతికి, అది కనబడకపోతే బెదిరిపోయేవారు.

అమ్మేచోట కూర్చున్నప్పుడు నా భార్యకు ఈ తేడాలన్నీ కొట్టిన పిండి. అడిగేచోట కూర్చుంటే మాత్రం ఆమె ఎప్పుడూ మంథని ఆడపడుచే.

దశమి నాటి ఉదయం కొబ్బరికాయ, తమలపాకులు తీసుకొని ఆజీ ఇంటికి వెళ్ళాము. ఆజీ ఆదరంగా పీటలు వేసింది. లోపల స్టవ్ మీద చాయ్ పెట్టి వచ్చి, గది తాళం తీసి చూపించింది. విశాలమైన గది. గోడకు పంతులుగారి నల్లబల్ల అలాగే ఉన్నది. నా భార్య చూరు వైపు, మూలల వైపు చూసి, గంగాళాలు ఎక్కడ, చెంబులు ఎక్కడ అని కళ్ళతోనే సర్దేసింది. ఆజీ మరాఠీ తప్ప మాట్లాడేది కాదు. ఆమె మాటలను తెలుగు చేసి వ్రాస్తున్నాను. నా భార్యది బజారు మరాఠీ. ఉత్సాహం వచ్చినా కోపం వచ్చినా అందులో తెలుగు పొంగేది.

"నెలకు ఆరు వందలు," అన్నది ఆజీ. "నలుగురినీ కనుక్కున్నాను. ఈ వీధిలో న్యాయంగా పలికేది అంతే."

నా భార్య ముఖం కళకళలాడింది. పీట మరికాస్త ముందుకు జరుపుకున్నది.

"మూడు వందలు, ఆజీ."

ఆజీ లేచి లోపలికి వెళ్ళింది. స్టవ్ ఆర్పిన చప్పుడు వినబడింది. తిరిగి వచ్చి గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడి వేసుకున్నది.

"నేను అబద్ధం చెప్పానా, బాయీ?"

"అయ్యో, గట్లెందుకంటరు ఆజీ? పోనీ, మూడు వందల యాభై."

ఆజీ మా కొబ్బరికాయను మా చేతికే ఇచ్చి, వీధి తలుపు తెరిచి పట్టుకున్నది.

నేను తలవంచుకొని మెట్లు దిగాను. నా భార్య మాత్రం మురిసిపోతూ దిగింది.

"మస్తు ఆడుతున్నది ముసలమ్మ! చాయ్ ఆర్పింది, చూసిన్రా? గా ఎత్తు మా చిన్నమ్మకు సుత రాదు."

"నిజంగానే కోపం వచ్చినట్టుందే."

"కోపం గాదు, బేరం. పుస్తకాలు చదివినోల్లు మీకేమెరుక? రేపో ఎల్లుండో పిలుస్తది, సూడుండ్రి. నాలుగు వందల యాభైకి అటో ఇటో తెగుతది."

రేపు వెళ్ళింది, ఎల్లుండి వెళ్ళింది. కబురు రాలేదు. నా భార్య ఏదో ఒక పని పెట్టుకొని ఆజీ ఇంటి ముందు నుండి నడిచేది. అక్కడికి రాగానే ఆమె నడక మందగించేది. అరుగు మీది దర్జీ తల వంచుకొని మిషను తొక్కేవాడు. తలుపు తెరుచుకునేది కాదు. పున్నమి వెళ్ళేసరికి ఆమె ఉత్సాహం రోషంగా మారింది.

"పోతున్నోల్లను పిల్వాలె గద? పిల్వకపోతే ఏమన్నట్టు? పోతే పో అన్నట్టే గద! నేను గంత అగ్గువగ కనబడ్డనా ఆమె కండ్లకు?"

అంటే ఆజీ దృష్టిలో మేము ఆమెను అబద్ధాలకోరును చేశాము. నా భార్య దృష్టిలో ఆజీ మమ్మల్ని మనుషులలో లెక్క కట్టలేదు. ఇద్దరూ మర్యాద కోసమే నొచ్చుకున్నారు. ఈ లోపల చంద్రపూరు నుండి ఎవరో టీవీల వ్యాపారి ఆ గదిని గురించి వాకబు చేస్తున్నాడని వీధిలో వినబడింది.

ఇక నేనే పూనుకోవాలనుకున్నాను. శ్రావణ అమావాస్య ఇక్కడ ఎద్దుల పండుగ. కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, ఎద్దులను ఊరేగిస్తారు, ఇంటింటా బొబ్బట్లు. ఆ రోజు ఎవరూ ఎవరినీ గుమ్మంలో నిలబెట్టి పంపరు. ఆ ధైర్యంతో ఒంటరిగా వెళ్ళాను. ఆజీ నిజంగానే ఆదరించింది. పంతులుగారి కబుర్లు చెప్పింది. ఆయన జీవితంలో ఒక్కసారి కూడా కూరగాయలవాడిని "తగ్గించు" అని అడగలేదట. వాడు చెప్పినది ఎక్కువనిపిస్తే ఆ పూట పప్పుతో తినేవాడట. ఆమె వడ్డిస్తూనే ఉన్నది, నేను తింటూనే ఉన్నాను. కిరాయి మాట నాలుక చివరి వరకు వచ్చిన ప్రతిసారీ దాని మీద మరొక బొబ్బట్టు పడింది.

ఇంటికి రాగానే నా భార్య అడిగింది. "ఏమన్నది?"

"నెయ్యి ఇంకొంచెం వేసుకోమన్నది."

"కిరాయి మాట?"

"తీయలేదు."

"గిదీ వరుస! బిందెల దుకాణం బొబ్బట్లల్ల కలిపి మింగొచ్చిన్రు."

ఆ మరునాడే దర్జీ మా దుకాణానికి వచ్చాడు. ఒక చెంబు చేతిలోకి తీసుకొని, దాన్ని కొనే ఉద్దేశం లేనట్టు తిప్పుతూ మొదలుపెట్టాడు.

"సేటూ, ఓ మాట చెప్త, ఏమనుకోకుండ్రి. ఆజీ తాన ధరంటే ప్రమాణం అసొంటిది. మాస్తరు బతికున్నప్పటిసంది గంతే. ఒక్కటే మాట. దాన్ని సగం జేస్తే నీ మాటల సగం అబద్ధమున్నది అన్నట్టు. గా దినం మీరు పోయినంక నా తోని సుత మాట్లాడలే."

నా భార్య చేతిలోని గుడ్డ జారిపోయింది. "అయ్యో! నేను మర్యాదకన్న గద తమ్మీ! ఆరంటే ఆరే ఇచ్చి తాళం గుంజుకుంటే ఆమెను లెక్క జెయ్యనట్టు గాదా?"

"గా సంగతి నాకెరుకె అక్కా, నేను తెలుగోన్నే గద. ఆమెకేమెరుక?"

"మరి ఇప్పుడేం జెయ్యాలె?"

"గా టీవీలాయనకు ఆజీ ఇంక మాట ఇయ్యలే. దసరా నాడు పెద్దోల్ల ఇంటికి పోవుడు ఉంటది గద. గప్పుడు పోండ్రి. ఆమె ఎంతంటే గంతకు సరే అనుండ్రి. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకుండ్రి."

చెంబును ఎక్కడిది అక్కడ పెట్టి, పెద్ద పని చక్కబెట్టిన వాడిలాగ వెళ్ళిపోయాడు.

సరే అనడం ఒక్క మాటే కదా అనుకున్నాము. అది నా భార్య నోట పలకదని ఆ సాయంత్రమే తెలిసింది. నేను ఆజీగా కూర్చున్నాను.

"ఆరు వందలు," అన్నాను.

"నాలుగు..."

"సరే అనాలి."

"సరే, నాలుగు."

"ఒక్క సరే మాత్రమే."

"గట్లెట్లనయితది? నోరు కట్టేసినట్టుంది. మల్ల అనుండ్రి."

"ఆరు వందలు."

ఆమె కళ్ళు గట్టిగా మూసుకొని, పెదవులు బిగించి, చేదు మందు మింగినట్టు "సరే" అని, వెంటనే "చూరుకు కొక్కేలు మీరే పెట్టియ్యాలె" అన్నది.

ఆచార్యుడిగా నేను కొంత కఠినుణ్ణే. బజారులో అభ్యాసం చేయమన్నాను. మరునాడు ఆమె మామూలుగా కూరగాయలు కొనే గంప ముందు కూర్చుని, వంకాయలు ఏరి, ధర అడిగి, చెప్పినంతా లెక్కపెట్టి చేతిలో పెట్టింది. కూరగాయలామె ఆ పైసలను చూసింది. నా భార్య ముఖం చూసింది. వెనుక నిలబడి ఉన్న నన్ను చూసింది. గంప పక్కకు జరిపి లేచి నిలబడింది.

"ఏమైందక్కా? ఇంట్ల అందరు మంచిగున్నరా? సేటు పానం మంచిగున్నదా?"

"అందరం మంచిగున్నమే."

"లేదు, ఏందో అయ్యింది. నా మీదేమన్న కోపమా? నిన్న పుచ్చుది గిట్ల వచ్చిందా?" అంటూ, వద్దంటున్నా వినక, మరో నాలుగు వంకాయలు, గుప్పెడు పచ్చిమిరపకాయలు సంచిలో వేసింది. "జర పానం పైలం అక్కా," అని వీధి మలుపు వరకు మా వెంట కళ్ళు పంపింది.

ఇంటి గుమ్మంలోకి రాగానే నా భార్య, "సరే అంటే గిన్ని వంకాయలొస్తయని నాకెవ్వరు చెప్పలే," అన్నది.

ఆశ్వయుజ శుద్ధ దశమి వచ్చింది. మా వైపు దసరా నాడు జమ్మి ఆకు బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కుతాము. మరాఠీవారు ఆ బంగారాన్నే ఆపటా చెట్టు ఆకుగా ఇచ్చిపుచ్చుకుంటారు. సాయంత్రం ఆజీ ఇంటికి వెళ్ళి జమ్మి ఆకు ఇచ్చాము. ఆమె "సోనం ఘ్యా," బంగారం పుచ్చుకోండి, అని మా చేతిలో ఆపటా ఆకులు పెట్టింది. పండుగ రోజైనా దర్జీ అరుగు మీదనే ఉన్నాడు. మిషను ముందు కూర్చున్నాడు గాని, దానిలో గుడ్డ లేదు.

ఆజీయే ముందుగా గొంతు సవరించుకొని, అరుగు వైపు ఒకసారి చూసి, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లలాగ నిటారుగా కూర్చున్నది.

"గది కిరాయి," అన్నది, "తొమ్మిది వందలు."

తొమ్మిది వందలు మా దుకాణం మోయలేని బరువు. నా భార్య మెడ మీద ఒక నరం ఉబ్బింది. ఆమె నా వైపు చూడలేదు. ఆపటా ఆకును రెండు చేతులా పట్టుకొని, కళ్ళు మూసుకొని అన్నది.

"సరే."

ఆజీ కాస్త ముందుకు వంగింది.

"ఏమి సరే?"

"తొమ్మిది వందలు. సరే."

"ఇంకేమీ అడగవా?"

"అడగ, ఆజీ. మీ మాట ఒక్కటే మాట. నాకు తెల్వక గప్పుడట్ల అన్న."

ఆజీ దర్జీ వైపు తిరిగింది. "అరే! ఈమె మూడు వందలంటుందన్నావు కదరా! అప్పుడు నన్ను నెమ్మదిగా దిగమన్నావు కదరా! ఈమె దిగమనడం లేదే, నేనెలా దిగేది?"

దర్జీ సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల మరీ వంచాడు. అప్పుడు బయటపడింది. మాకు చెప్పిన నాడే వాడు ఆజీకి కూడా చెప్పాడట: తెలుగువారిలో సగం ధరకు అడగడం అంటే అవమానం కాదు, చనువు, వారికి అడిగే చోటు మిగల్చకపోతే నొచ్చుకుంటారు, కాబట్టి ముందు ఎక్కువ చెప్పి, వారు అడుగుతుంటే దిగుతూ రావాలి, అని. ఇంటికి వచ్చినవారిని చాయ్ కూడా ఇవ్వకుండా పంపినందుకు ఆజీ అప్పటికే బాధపడుతున్నది. అందుకని మా పద్ధతి నేర్చుకున్నది. తొమ్మిది వందలు అనే మాటను దేవుడి గూటి ముందు నిలబడి పలికి చూసుకున్నదట.

"నేను ఇద్దరికీ మంచిదే చెప్పిన," అన్నాడు దర్జీ సూదితో.

నవ్వు వచ్చింది గాని, నవ్వడానికి వీలు లేదు. చెప్పిన మాట తనంతట తాను తగ్గించుకోవడం ఆజీ వ్రతానికి భంగం. తగ్గించమని అడగడం నా భార్య వ్రతానికి భంగం. నడుమ తొమ్మిది వందలు బండరాయిలా కూర్చున్నది. దానిని తీయకుంటే మాకు గదీ లేదు, పెండ్లిళ్ళ అమ్మకమూ లేదు. నేను చదివిన శాస్త్రాలలో దీనికి పరిహారం ఎక్కడా కనబడలేదు.

నా భార్యే నోరు విప్పింది. "ఆజీ, ఒక్కటి అడుగుత. నన్ను అడగమంటరా?"

"అడుగు తల్లీ, అడుగు! నీ పుణ్యముంటుంది."

"కోపమొస్తదా?"

"రాదు."

"చాయ్ ఆర్పుతరా?"

"ఇంకా పెట్టనే లేదు కదా."

నా భార్య పీట ముందుకు జరుపుకున్నది. శ్రావణం నాటి కళ ముఖంలోకి తిరిగి వచ్చింది.

"మూడు వందలు."

"ఆరు వందలు!" అన్నది ఆజీ తటాలున.

"గట్ల కాదు ఆజీ! తొమ్మిది మీదికెల్లి ఒక్కసారే ఆరు మీదికి దుంకుతరా? ఇంక నాకేం పని మిగిలింది? ముందుగాల మీరు నవ్వాలె. మూడు వందలకు గోడ సుత రాదు అనాలె."

ఆజీ నవ్వడానికి ప్రయత్నించింది. "మూడు వందలకు గోడ కూడా రాదు."

"హా. ఇప్పుడు గదిని పొగడుండ్రి."

ఆజీ ఆలోచించింది. సొంత సొత్తును పొగడడం ఆమెకు అలవాటు లేదు. "వానకు చుక్క కారదు," అన్నది మెల్లగా. తరువాత కొంచెం గట్టిగా, "కిటికీ తీస్తే వేసవిలో కూడా గాలి వస్తుంది. మావారు ఈ గదిలో గొంతెత్తి పాఠం చెబితే వీధి చివరికి వినబడేది. నువ్వు లోపల కూర్చుని ధర చెబితే బజారంతా వింటుంది."

"మరి గడప? గంత ఎత్తు గడప ఎవరన్న పెడతరా? గంగాళం దాటియ్యాలంటే నలుగురు కావాలె. పైకెల్లి బొగ్గు దుమ్ము. పొద్దుగాల తుడిసిన బిందె పొద్దుమీకి నల్లగయితది."

"బొగ్గు దుమ్ము రాజురా అంతటా పడుతుంది, బాయీ," అన్నది ఆజీ. "నా గదిని అడ్రసు కనుక్కొని వచ్చి పడుతుందా?"

నా భార్య చప్పట్లు కొట్టింది. "గిది! గిది బేరమంటే! ఆజీ, మీరు మంథనిల పుట్టవలసినోల్లు."

ఆ మాట ఆజీకి తలకెక్కింది. ఆ తరువాత ఆమెను ఆపడం కష్టమైంది. యాభై దిగడానికి గోడల మందం చెప్పింది. మరో యాభైకి పెరటి బావి నీటి తీపి చెప్పింది. నా భార్య ఒక్కొక్క మెట్టే ఎక్కింది. నాలుగు వందల యాభై దగ్గర ఆగి, "ఇగ నాతోని గాదు," అని లేచి, నన్ను కూడా లేపి, అరుగు మీదికి వచ్చి, వీధి వైపు తిరిగి నిలబడింది. నాలుగడుగులు. ఆమె చెవులు మాత్రం లోపలే ఉన్నాయి.

లోపల నుండి పిలుపు రాలేదు. ఆజీకి ఈ ఘట్టం తెలియదు. దర్జీ కంగారుగా కిటికీలోకి వంగాడు.

"పిలువు ఆజీ, పిలువు!"

"ఎందుకు? వెళతానన్నది కదా?"

"పిలవకుంటే నిజంగనే పోతది!"

"పోతుందా?" ఆజీ గొంతులో గాభరా. ఆ వెంటనే గడప దాటి వచ్చి, వీధిలో వెళ్ళేవారంతా తిరిగి చూసేటట్టు పిలిచింది. "అగ బాయీ! ఇకడే యే! ఇటు రావే! మాట పూర్తి కాకుండా ఎక్కడికి?"

నా భార్య వెనుదిరిగిన క్షణం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నది. శ్రావణ దశమి నుండి ఆమె ఎదురు చూసిన పిలుపు అది.

మళ్ళీ పీటల మీద కూర్చున్నారు. ఇక సాగదీయడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. ఆజీ ఆరున్నర వందలన్నది. నా భార్య వేళ్ళతో ఏదో లెక్క వేసినట్టు నటించింది.

"ఆరు వందలు," అన్నది. "మొదట మీరన్నదే. న్యాయంగ పలికేది గంతేనన్నరు గద."

"అవును," అన్నది ఆజీ. "నలుగురినీ కనుక్కున్నాను."

ఆజీ కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. నా భార్య చెయ్యి చాపలేదు.

"ఇగ కొసరు."

ఆజీ దర్జీ వైపు చూసింది. "ఇది నాకు చెప్పలేదే."

"బేరం కుదిరినంక పైకెల్లి కొంచెం, ఊకెనే ఇచ్చేది ఆజీ. ఇయ్యకపోతే బేరం తెగనట్టే," అన్నాడు వాడు.

"నా దగ్గర ఏమున్నది ఇవ్వడానికి?"

"శ్రావణంల ఆర్పిన చాయ్," అన్నది నా భార్య.

ఆజీ తాళంచెవి ఆమె ఒడిలో పడేసి లోపలికి వెళ్ళింది. స్టవ్ వెలిగిన చప్పుడు వినబడింది. దర్జీ అరుగు మీది నుండి, తనకు కూడా కావాలని, చక్కెర ఎక్కువ వేయమని కేక వేశాడు. ఇద్దరికీ మంచిదే చెప్పాడు గనుక అతనికీ ఒక కప్పు దక్కింది.

శ్రీ భావనామ సంవత్సర కార్తీక శుద్ధ పాడ్యమి నాటి ఉదయం మా దుకాణం ఆజీ గదిలోకి మారింది. నల్లబల్ల గోడకు అలాగే ఉండిపోయింది. మరుసటి శ్రీ యువనామ సంవత్సర కార్తీక శుద్ధ పాడ్యమి నాడు ఆజీ కిరాయి ఎనిమిది వందలన్నది. నా భార్య నాలుగు వందలన్నది. ఆరు వందల యాభైకి కుదిరింది.